స్లైగో రైల్లో వెస్ట్‌లైఫ్ ఆఖరి కాన్సర్ట్‌కి

ముందు హోటల్ వాళ్ల సంగతి చెప్పేస్తాను, లేకపోతే కడుపుమంట చల్లారదు. 2012 జూన్ 22, 23 తేదీల్లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో, క్రోక్ పార్కు స్టేడియంలో ఐరిష్ పాప్ బ్యాండ్ వెస్ట్‌లైఫ్ వీడ్కోలు కాన్సర్ట్‌లు. 23వ తేదీకి టికెట్లు దొరికిన రోజే ఓ చిన్న హోటల్లో గది తీసి పెట్టుకున్నాం. తీరా దగ్గర పడ్డాక "బుకింగులు ఎక్కువైపోయాయి, క్షమించండి" అని మెయిల్ వచ్చింది. అదే రాత్రికి అదే గది వాళ్ల సైట్‌లోనే రెండింతల రేటుకి కనబడుతోంది! ఫోన్ చేసి అడిగితే అది వేరే గది అన్నాడు. ఒక్క హోటలని కాదు, ఊరంతా అదే వరస. ఐర్లండ్ ఐఎంఎఫ్ ఇచ్చిన అప్పు మీద బతుకుతోందని అప్పట్లో రోజూ పేపర్లో చదివేవాళ్లం, ఆ కబురు డబ్లిన్ హోటళ్లకి మాత్రం అందినట్టు లేదు.

సరే, కాన్సర్ట్ అయ్యాక ఎయిర్‌పోర్ట్‌కి పోయి అక్కడి కుర్చీల్లో రాత్రి గడిపేసి, పొద్దున్న రైలెక్కుదాం అనుకున్నాను. ఈ ప్లాన్ అక్కకి చెప్పలేదు. అక్క ఐర్లండ్ వాయవ్యాన ఉన్న స్లైగో ఊళ్లో ఆస్పత్రి డాక్టరు. రెండో టికెట్ తనదే. సరిగ్గా ఆ రాత్రే తనకి డ్యూటీ పడింది, మార్చుకుంటారా అంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటారు, వార్డులో సగం మంది అక్కడికే పోతుంటే! చివరికి పదమూడేళ్ల కూతుర్ని నాతో పంపింది. "పిన్నీ, అది అమ్మావాళ్ల బ్యాండ్" అని ఆ పిల్ల స్టేషన్ దారిలోనే మొహం మీద చెప్పేసింది. దానికి అప్పటి కుర్రాళ్ల బ్యాండ్ వన్ డైరెక్షన్ పాడితేనే పాట.

నేను గాల్వే నుంచి ముందు రోజే బస్సులో స్లైగో వచ్చాను. ఆ ప్రయాణంలో వాన తప్ప చెప్పుకోడానికేం లేదు. స్లైగో నుంచి వెళ్లాలని మాత్రం మొదటినుంచీ నా పట్టుదల. బ్యాండ్‌లో మిగిలిన నలుగురిలో షేన్ ఫిలన్, కీయన్ ఈగన్, మార్క్ ఫీహిలీ ముగ్గురూ ఈ ఊరివాళ్లే, నికీ బర్న్ ఒక్కడే డబ్లిన్ వాడు. బ్రయన్ మెక్‌ఫాడెన్ 2004లోనే వెళ్లిపోయాడు. ఇంజనీరింగ్ హాస్టల్లో టీవీ గది తాళం మా గదికి వచ్చిన వారమంతా నేను ఎదురు చూసింది ఈ ఐదుగురి పాటల కోసమే. అప్పట్లో ఐర్లండ్ మ్యాప్‌లో ఎక్కడుందో కూడా నాకు తెలీదు.

ప్లాట్‌ఫారం మీద గులాబీ రంగు కౌబాయ్ టోపీలు, మెడలో మెరిసే దండలు, చేతిలో వైన్ సీసాలు. వయసులు చూస్తే పిల్లలు కాదు, అందరూ ముప్ఫై దాటినవాళ్లే, వాళ్లతో వాళ్ల అమ్మలు. మా ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడకి డెబ్బై ఉంటాయేమో. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది, ఫ్లాస్కులో టీ, రేకు కాగితంలో చుట్టిన హామ్ శాండ్‌విచ్‌లు తెచ్చుకుంది. రైలు కదలకముందే నా చేతిలో ఒకటి పెట్టింది. నేను మాంసం తిననంటే బోలెడు జాలి పడి, మా పిల్లకి రెండిచ్చింది.

ఆవిడ వెస్ట్‌లైఫ్ గురించి మాట్లాడుతుంటే ఏ గాయకుల గురించో చెబుతున్నట్టు ఉండదు. షేన్ వాళ్ల అమ్మానాన్నల కార్ల్‌టన్ కేఫ్‌లో ఎన్నేళ్లు టీ తాగిందో, ఈ పిల్లలు స్కూలు రోజుల్లో నాటకాల్లో పాడుతుంటే ఎవరి గొంతు ఎలా ఉండేదో, మార్క్ ఎంత సిగ్గరో, అన్నీ చెప్పుకొచ్చింది. వాళ్లకి బ్రిటన్‌లో 14 నంబర్ వన్ పాటలున్నాయి, అందులో మొదటి ఏడూ వరసగా వచ్చినవే. ఆవిడ దగ్గర ఈ లెక్కలేవీ లేవు. కీయన్ వాళ్ల నాన్న పోయినప్పుడు ఊరు ఊరంతా వెళ్లింది, అదీ ఆవిడకి గుర్తున్న విషయం. ఆ పెట్టెలో కాసేపు కూర్చుంటే అప్పగింతలకి పోతున్న ఆడపెళ్లివారి మధ్య ఇరుక్కున్నట్టనిపించింది. నవ్వుతూనే ఉన్నారు, ఎవరైనా ఒక్కరు మొదలుపెడితే అందరూ ఏడ్చేలా ఉన్నారు.

బాయిల్ స్టేషన్ దాటాక ఒకతను, చేతిలో బీరు డబ్బా, "టికెట్ డబ్బులు షేన్ అప్పులకి సరిపోతాయా?" అని జోకు వేశాడు. పది రోజుల కిందటే ఆ వార్త వచ్చింది. షేన్ తన అన్నతో కలిసి ఇళ్లు కట్టే కంపెనీ పెట్టాడు, ఇళ్ల ధరలు కూలాక అప్పుల్లో మునిగి ఇంగ్లండ్‌లో దివాలా పిటిషన్ వేశాడు. అప్పటి ఐర్లండ్ చట్టంలో దివాలా తీస్తే బయటపడడానికి 12 ఏళ్లదాకా పట్టొచ్చు, ఇంగ్లండ్‌లో అయితే ఏడాదే. పెద్దావిడ టీ కప్పు కింద పెట్టి వెనక్కి తిరిగింది. "ఆ రోజుల్లో నువ్వు బ్యాంకు మెట్లెక్కలేదా? మీ ఇంట్లో ఎవరూ ఎక్కలేదా? ఎక్కనివాడు ఈ పెట్టెలో ఉంటే చెయ్యెత్తమను" అంది. గొంతు పెంచలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. అతను ముల్లింగర్ దాకా మళ్లీ నోరు తెరవలేదు.

క్యారిక్ దాటి షానన్ నది పక్కన పోతుంటే కిటికీలోంచి ఆవిడే చూపించింది. వరసగా ఒకేలాంటి ఇళ్లు, కొన్నిటికి కప్పు లేదు, కొన్నిటికి తలుపుల్లేవు, రోడ్డు వెయ్యలేదు గానీ వీధి దీపాల స్తంభాలు మాత్రం పాతారు. సగంలో వదిలేసిన ఇలాంటి కాలనీల్ని ఘోస్ట్ ఎస్టేట్లంటారని పేపర్లో చదవడమే గానీ అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్ జిల్లాల్లో అప్పట్లో ఇవి మరీ ఎక్కువగా ఉండేవి. ఆవిడ పెద్దకొడుకు ఎలక్ట్రీషియన్. ఇలాంటి ఇళ్లకి వైరింగ్ చేస్తూ నాలుగు రాళ్లు సంపాదించాడు, పనులు ఆగిపోయాక ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. చిన్నవాడు టొరంటోలో ఉన్నాడు. ఈ కాన్సర్ట్ టికెట్ కూడా పెద్దవాడే పెర్త్‌లో కూర్చుని కంప్యూటర్ మీద కొన్నాడట. టికెట్లు నిమిషాల్లో అయిపోయాయి కదా, స్లైగోలో ఉన్న ఆవిడ కూతురికి దొరకలేదు, ఆస్ట్రేలియాలో ఉన్నవాడికి దొరికింది. "ఇద్దరినీ ఈ రైలే ఎక్కించాను" అంటూ మా పిల్లకి మూడో శాండ్‌విచ్ ఇచ్చింది.

ఇంతసేపూ చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చున్న మా పిల్ల ముల్లింగర్ రాగానే లేచి అద్దానికి ముక్కు ఆనించేసింది. వన్ డైరెక్షన్‌లో నియల్ హోరన్‌ది ఆ ఊరే. స్టేషన్లో ఏముందని, ఒక బెంచీ, ఒక ముసలాయన, ఓ కుక్క. వాటికి ఫోటోలు తీసింది. పెద్దావిడ కూడా తొంగి చూసి, "ఆ అబ్బాయిది ఏ వీధి?" అని చాలా సీరియస్‌గా అడిగింది.

క్రోక్ పార్కు దగ్గరి డ్రమ్‌కాండ్రా స్టేషన్లో దిగి జనంతో పాటు నడిచాం. యూరో కప్ ఫుట్‌బాల్‌లో ఐర్లండ్ మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికొచ్చినా పబ్బుల ముందు పచ్చ జెండాలు ఇంకా విప్పలేదు. రోడ్డు పక్కన తలకి కట్టుకునే రిబ్బన్ ఐదు యూరోలన్నారు. వెస్ట్‌లైఫ్ అని అచ్చేసి ఉంది, అందులో ఒక అక్షరం తిరగబడింది. అయినా కొన్నాను. ముందు ఆదివారం ఇదే క్రోక్ పార్కులో క్యాథలిక్‌ల అంతర్జాతీయ మహాసభ ముగింపు ప్రార్థన జరిగింది. పెద్దావిడ దానికీ వచ్చిందట, టాయిలెట్ క్యూలు అప్పుడే నయమంది.

కాన్సర్ట్ గురించి ఎక్కువ చెప్పలేను. క్యూసాక్ స్టాండ్ పై వరసల్లోంచి ఆ నలుగురూ అగ్గిపుల్లలంత ఉన్నారు, చూసిందంతా తెర మీదే. ఆటలప్పుడు 82,300 మంది పట్టే స్టేడియం కదా, ఆ మాత్రం ముందే తెలుసుకోవాలి. జూన్‌లో డబ్లిన్‌లో పది దాకా వెలుతురు పోదు, అన్ని లక్షలు పోసి పెట్టిన లైట్లు సగం ప్రోగ్రాం దాకా వెలిగాయో లేదో కూడా తెలీలేదు. బర్గర్ క్యూలో మగవాళ్లంతా ఫోన్లలో స్పెయిన్, ఫ్రాన్స్ మ్యాచ్ స్కోరు చూసుకుంటున్నారు. బ్రయన్ వస్తాడని రైల్లో గట్టిగా చెప్పినవాళ్లు ప్రతి పాటకీ ముందు లేచి నిలబడుతున్నారు. అతను రాలేదు. చీకటి పడ్డాక మాత్రం వేరే సంగతి. ఎనభై వేలమంది ఒకే పాట అందుకుంటే కాళ్ల కింద కాంక్రీటు సన్నగా వణుకుతుంది, అది టీవీ గదిలో తెలిసేది కాదు. ఆఖరున 'యు రైజ్ మి అప్' పాడారు. మా పక్కనున్నావిడ భర్త భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, ఆయన వాచీ చూసుకుంటున్నాడు. నేనూ ఏడ్చాను. మా పిల్ల బాణాసంచా బాగుందని ఒప్పుకుంది.

ఎయిర్‌పోర్ట్ ప్లాన్ రైల్లోనే పెద్దావిడకి చెప్పాను, చెప్పి తిట్లు తిన్నాను. ఆవిడ కూతురు సెలూన్‌లో పనిచేస్తుంది, అక్కడివాళ్లంతా కలిసి ఓ బస్సు మాట్లాడుకున్నారు. పెద్దవాళ్లకిచ్చే పాస్ ఉంది కాబట్టి పెద్దావిడ పొద్దున్న రైల్లో ఉచితంగా వచ్చింది, తిరుగు ప్రయాణం ఆ బస్సులో. రెండు సీట్లు ఖాళీ ఉన్నాయని, మనిషికి పదిహేను యూరోలని అక్కడికక్కడే ఖాయం చేసేసింది. అర్ధరాత్రి ఆ బస్సు వెతుక్కోవడానికి గంట పట్టింది. అన్ని బస్సులూ తెల్లవే, అన్నిటి ముందూ గులాబీ టోపీలే. లోపల చిప్స్, వెనిగర్ వాసన, పాడి పాడి బొంగురుపోయిన గొంతులు.

లాంగ్‌ఫర్డ్ వచ్చేసరికి పాటలు ఆగి వాదన మొదలైంది. వీళ్లు మళ్లీ కలుస్తారా, కలవరా? సెలూన్ ఓనరు పదేళ్లలోపు వస్తారంది. "అప్పులున్న మగాడు ఇంట్లో కూర్చోడు" అంది. పెద్దావిడకి కోపమొచ్చింది. చెప్పి వెళ్లినవాళ్లు చెప్పినట్టే వెళ్తారని, వస్తారని చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదని అంది. పది యూరోల పందెం కట్టారు. డ్రైవరు సాక్షి.

2018 అక్టోబరులో నలుగురూ మళ్లీ కలుస్తున్నట్టు ప్రకటించారు, 2019 జులైలో అదే క్రోక్ పార్కులో రెండు రాత్రులు పాడారు. ఆఖరిసారని నమ్మి ఏడ్చినందుకు నాకు నిజంగానే ఒళ్లు మండింది. ఆ పది యూరోలు చేతులు మారాయో లేదో మరి. పెద్దావిడ ఫోన్ నంబరు నేను తీసుకోలేదు. వార్త రాగానే అక్క కూతురికి మెసేజ్ పెట్టాను. అప్పటికి వన్ డైరెక్షన్ పాటలు ఆపి రెండేళ్లు దాటింది, తను కాలేజీలో ఉంది. "అయితే మావాళ్లూ వస్తారన్నమాట" అని జవాబిచ్చింది.