హైబ్రిడ్జ్ పార్కులో సైకిలిస్టులు వేసిన బాటలు

న్యూయార్క్ వెళ్లినవాళ్లు చూసొచ్చే చోట్లలో హైబ్రిడ్జ్ పార్కు పేరు దాదాపు వినిపించదు. నేను మాత్రం ఈసారి పట్టుబట్టి అక్కడికే వెళ్లాను. మాన్‌హట్టన్ ఉత్తర కొసన, హార్లెం నది ఒడ్డున, 155వ వీధి నుంచి డైక్‌మన్ వీధి దాకా సాగే కొండవాలు అడవి అది. ఆ నగరంలో మౌంటెన్ బైకులకు మొదటిసారి అధికారికంగా తెరిచిన ట్రయల్స్, అంటే అడవిలోని మట్టి బాటలు, ఉన్నది అక్కడే. 2007లో తెరిచారు. వాటి కోసం పలుగూ పారా పట్టింది ఊళ్లోని సైకిలిస్టులేనని తెలిశాక చూడకుండా రావాలనిపించలేదు.

న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కొడుకు తోడొచ్చాడు. ఫోర్ట్ లీ దగ్గర సైకిళ్లెక్కి జార్జ్ వాషింగ్టన్ వంతెన మీదుగా హడ్సన్ నది దాటాం. కింద నది, పక్కన ఆగకుండా లారీల హోరు. వంతెన దిగితే వాషింగ్టన్ హైట్స్. అక్కడి నుంచి తూర్పుకు తిరిగితే కాసేపట్లోనే పార్కు అంచు తగులుతుంది.

ముందు హార్లెం నది మీది హై బ్రిడ్జ్ వంతెన చూశాం. పార్కుకు ఆ పేరు వచ్చింది దీనివల్లే. క్రోటన్ నది నీళ్లను నగరానికి మోసుకొచ్చేందుకు కట్టి, 1848లో పూర్తిచేశారు. నగరంలో మిగిలిన వంతెనల్లోకెల్లా పాతది. కింద ఓడలు తిరగడానికి అడ్డమని 1920లలో నది మీద ఉన్న రాతి కమానులు కొన్ని తీసేసి ఉక్కు కమాను పెట్టారు. 1970ల నుంచి దశాబ్దాల పాటు జనాన్ని రానివ్వకుండా మూసి ఉంచి, 2015లో మళ్లీ తెరిచారు. పక్కనే 1872 నాటి నీళ్ల టవరు.

ఈ మూసివేత కాలమే పార్కుకూ చీకటి కాలం. 1975 ప్రాంతంలో నగరం దివాలా అంచుకు వచ్చినప్పుడు పార్కుల నిర్వహణకు డబ్బు కోసేశారు. ఈ అడవిలోకి జనం రావడం తగ్గింది, చెత్త రావడం మొదలైంది. దొంగిలించిన కార్లను తెచ్చి వాలులోకి తోసేసేవారు. ఆకుల కింద సిరంజీలు. గాయని, నటి బెట్ మిడ్లర్ 1995లో స్థాపించిన న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ ఇక్కడి చెత్త తీయడానికి ఎంతో శ్రమించింది. ఆ మేలు మరువకూడదు. కానీ చెత్త తీసిన చోట మనుషులు తిరగకపోతే మళ్లీ చెత్తే చేరుతుంది. ఆ లోటు తీర్చింది సైకిళ్లు.

అప్పటిదాకా నగర పార్కుల్లో మట్టిదారి మీద సైకిల్ తొక్కడం నిషేధం. న్యూయార్క్ సిటీ మౌంటెన్ బైక్ అసోసియేషన్ వాళ్లు పార్కుల శాఖతో మాట్లాడి, దారులు తామే వేస్తామని ముందుకొచ్చారు. అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం, అంటే ఇంబా, దారుల రూపకల్పనలో సాయం చేసింది. అనుమతి అడిగినవాళ్లు ఆ నేలను చూసుకునే బాధ్యత కూడా అడిగి తీసుకున్నారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఫోర్ట్ జార్జ్ కొండ మీదికి చేరాం. ఒకప్పుడు ఇక్కడ రంగులరాట్నాలతో పెద్ద వినోదశాల ఉండేది, 1913లో మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు ఓక్ చెట్లు, వాటి మధ్య మైకా రేకులతో తళుక్కుమనే షిస్టు అనే నల్లటి రాతి బండలు. నలుగురైదుగురు దారి మీది ఆకులు ఊడుస్తున్నారు. ఒకావిడ చేతిలో ఒకవైపు దువ్వెన పళ్లు, ఇంకోవైపు వెడల్పాటి పార అంచు ఉన్న పనిముట్టు. మెక్‌లౌడ్ అంటారు. "ఆకులెందుకు తీయడం?" అని అడిగితే ఆవిడ వంగి, దారి కొద్దిగా కిందికి దిగి మళ్లీ పైకి లేచే చోట చెయ్యి పెట్టి చూపించింది. పైనుంచి దారి వెంట పారే నీరు ఆ పల్లంలోకి వచ్చి లోయ వైపు జారిపోవాలి. ఆకులు నిండితే నీళ్లు అక్కడే నిలుస్తాయి, బురద అవుతుంది. బురద తప్పించుకోవడానికి సైకిళ్లు పక్కనుంచి పోతాయి, దారి వెడల్పై మొక్కలు నలుగుతాయి. జానెడు పల్లంలో ఇంత కథ ఉంది.

బాట ఎక్కడా నిటారుగా వాలులోకి దిగదు. అలా వేస్తే నీరు కూడా అదే దారి పట్టి గాడి కోసేస్తుంది. అందుకే కొండకు అడ్డంగా, వంపులు తిరుగుతూ వేస్తారు. బాట ఏటవాలు కొండ వాలులో సగానికి మించకూడదన్నది ట్రయల్స్ వేసేవాళ్ల లెక్క: కొండ 20 శాతం వాలితే బాట 10 శాతం లోపే. పైగా బాట బయటి అంచు లోపలి అంచు కన్నా కాస్త పల్లంగా ఉంటుంది. కంటికి ఆనదు కానీ, సైకిల్ దిగి అరికాళ్లు ఆనిస్తే తెలుస్తుంది.

ఇక తొక్కుడు. తేలిక దారితో మొదలుపెట్టాం. రెండు మలుపులు తిరిగేసరికి నగరం మాయమైంది. కింద హార్లెం రివర్ డ్రైవ్ మీది కార్ల మోత ఒక్కటే గుర్తుచేస్తోంది. అదే ఒడ్డున 1898లో గుర్రపు బగ్గీల కోసం ఒక స్పీడ్‌వే తెరిచారు, సైకిళ్లను రానిచ్చేవారు కాదు. ఇప్పుడు దాని నెత్తిన సైకిళ్లు!

బండల దారి దగ్గర తమ్ముడు ఆగి, "అక్కా, ముందు నడిచి చూద్దాం" అన్నాడు. నడిచాం. రాళ్లను మట్టిలో లోతుగా పాతి, సందుల్లో చిన్న రాళ్లు బిగించారు, ఒక్కటీ కదలదు. వాడు తొక్కుకుంటూ దిగాడు, నేను నడిపించుకుంటూనే దిగాను. కింద చిన్న చిన్న మిట్టపల్లాలతో కట్టిన పంప్ ట్రాక్ మీద ఇద్దరు పిల్లలు పెడల్ తొక్కకుండా, ఒంటిని పైకీ కిందికీ ఊపుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. వాళ్ల అమ్మ బెంచీ మీద కూర్చుని నింపాదిగా చదువుకుంటోంది. కార్లు పారేసిన అడవిలో ఈ దృశ్యం చూసి నాకు గొంతు పట్టేసింది.

వెళ్లాలనుకునేవాళ్లకు: సబ్‌వేలో 1 నంబరు రైలెక్కి 191వ వీధి స్టేషన్లో దిగండి. నేలకు 170 అడుగులకు పైగా లోతున ఉంటుంది, లిఫ్టులో పైకి రావాలి. అక్కడి నుంచి ట్రయల్స్ దగ్గరే. సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లొచ్చు. హెల్మెట్ మర్చిపోవద్దు. వాన పడ్డాక నేల ఆరేదాకా మాత్రం వెళ్లకండి. తడి మట్టిలో పడిన ఒక్క చక్రం గాడిని పూడ్చడానికి ఎవరో పార పట్టుకుని రావాలి.