బోర్డు మీద సగం చీటీ, పత్రికల్లో మిగతా సగం

పర్లాకిమిడిలో మైకు సెట్లు అద్దెకిచ్చే కొట్టు అటక మీంచి దిగిన చిన్న యాంప్లిఫయర్ బోర్డు ఇది. అవుట్‌పుట్‌లో ఏసీ187, ఏసీ188 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్ల జత, మొదట్లో బీసీ148 అనే మరో ట్రాన్సిస్టర్. రెంటికీ మధ్య ఉండి, ఆ జతని నడిపించాల్సిన డ్రైవర్ ట్రాన్సిస్టర్ లేదు. దాని బేస్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య ఉన్న రెసిస్టర్ రంగు గీతలు తెలియనంతగా మాడిపోయింది. రాగి దారులు చూస్తే పీఎన్‌పీ రకమని తెలుస్తోంది గానీ ఏ పదార్థంతో చేసిందో, జెర్మేనియమో సిలికానో, తేలడం లేదు. సర్క్యూట్ కాగితం ఎప్పుడో పోయింది. అమ్మినవాళ్ల చీటీ సగం చిరిగి, చివర బొంబాయి 400 004 అన్నంత వరకే మిగిలింది. కొన్నవాళ్లే బిగించుకునే ఇలాంటి కిట్లని పత్రికల్లో ప్రకటన వేసి పోస్టులో అమ్మేవారు, అందులో ఏ ట్రాన్సిస్టర్లు వాడారో పెద్దక్షరాల్లో చెప్పుకునేవారు. అందుకే సర్క్యూట్ వదిలేసి ప్రకటన కోసం బయల్దేరాను.

మొదటే సంచికల జోలికి పోకూడదు, ముందు కాలం తేల్చుకోవాలి. మన దేశంలో ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకుముందు చిరునామాల్లో బొంబాయి-4, మద్రాసు-2 అని ఉండేది. కాబట్టి ఈ చీటీ ఆ తర్వాతిదే. చీటీ లేకపోయినా ఇలాంటి గురుతులు చాలా ఉంటాయి. ధర నయా పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కీ 1964 జూన్‌కీ మధ్యది. బెంగళూరు పక్కన మైసూరు రాష్ట్రం అని ఉంటే 1973 నవంబరుకి ముందుదని చెప్పొచ్చు. కానీ పాత అచ్చు బ్లాకునే ఏళ్ల తరబడి అచ్చేసేవాళ్లూ ఉన్నారు, ఒక్క గురుతుని పట్టుకుని తీర్పు చెప్పెయ్యకూడదు. బ్రిటిష్ పత్రికల్లో ధర షిల్లింగుల్లో ఉంటే అది 1971 ఫిబ్రవరి 15కి ముందు మాట, ఆ రోజుతో వాళ్ల లెక్క దశాంశానికి మారింది.

బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల మీద 3-75 అని ముద్ర ఉంది. ఇక్కడే చాలామంది జారిపడతారు. మధ్యలో మెకానిక్ మార్చిన కెపాసిటర్ ముద్ర చూసి బోర్డు వయసు లెక్కగడతారు. తిరగేసి టంకం చూడాలి. మార్చిన చోట, టంకం పట్టడానికి పూసే ఫ్లక్స్ మరక పొడుగ్గా పాకి ఉంటుంది, రాగి కాస్త పైకి లేచి ఉంటుంది. ఇక్కడ రెండు కెపాసిటర్లదీ ఒకే ముద్ర, టంకం మిగతా బోర్డుతో కలిసిపోయింది. అంటే ఈ బోర్డు 1975 మార్చికి ముందు తయారవలేదు. ప్రకటన మాత్రం అంతకుముందే మొదలై ఉండొచ్చు. పై హద్దు 1979 చివర అనుకున్నాను. టీబీఏ810 లాంటి ఐసీ ఒక్కటే ఈ పనంతా చేస్తుంటే జెర్మేనియం జతతో కొత్త కిట్ ఎవరు వేస్తారు?

మన దేశపు నెలపత్రికల్లో మొదట చూసేది 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’. దానితో పాటు దొరికినవి దొరికినట్టు. ఓ కాలేజీ లైబ్రరీలో బైండు చేసిన సంపుటాలు ఉన్నాయంటే వెళ్లాను. వ్యాసాలన్నీ ఉన్నాయి, ప్రకటనలే లేవు. బైండు లావు తగ్గుతుందని కవర్లూ, ముందూ వెనకా ప్రకటనల పేజీలూ తీసేసి కుట్టించడం చాలా లైబ్రరీల్లో మామూలే. అందుకని బైండు సంపుటం చేతికి రాగానే చూడాల్సింది పేజీ నంబర్లు. ఏడో పేజీతోనో పదకొండో పేజీతోనో మొదలైతే ముందువి పోయినట్టే. కొన్ని పత్రికలు ప్రకటనల పేజీలకి వేరే వరస నంబర్లు వేసేవి. అలాంటివాటిలో నంబర్లు సరిగ్గా కలిసినా పేజీలు పోయి ఉండొచ్చు. కవరు లోపలి వైపులకీ వెనక అట్టకీ నంబరే ఉండదు. అందరికంటే ఎక్కువ డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు అవే, ముందు పోయేవీ అవే.

విడి సంచికలు కబాడీ కొట్లలోనూ, మూతపడ్డ రేడియో షాపుల అటకల మీదా దొరుకుతాయి. గుణుపురం వైపు ఒక కట్ట దొరికింది. “అట్టలున్నవి పొట్లాలకి ముందే పోయాయి బాబూ, లోపలివే మిగిలాయి” అన్నాడు కొట్టాయన. బరంపురం వైపు నుంచి వచ్చిన కట్టల్లో ఉప్పుగాలి చెమ్మకి పిన్నులు తుప్పు పట్టి, వాటి దగ్గర కాగితం మీద గోధుమరంగు మరక దిగి ఉంటుంది. పిన్ను లాగితే పేజీ చిరుగుతుంది. వెనక వైపు కాళ్లు పలచటి బ్లేడుతో నిటారుగా లేపి, ముందు వైపు నుంచి తియ్యాలి. నున్నటి ఆర్టు కాగితం ఒకసారి తడిసి అంటుకుపోయిందంటే దాని మీద ఆశ వదులుకోవడమే మంచిది. పైపూత జిగురులా పట్టేస్తుంది, లాగితే అచ్చు ఎదుటి పేజీకి అంటుకొస్తుంది.

కాగితం దొరకని నెలలకి స్కాన్లు. వరల్డ్ రేడియో హిస్టరీ సైట్లో బ్రిటిష్ పత్రికలు ‘వైర్‌లెస్ వరల్డ్’, ‘ప్రాక్టికల్ వైర్‌లెస్’ బారుగా ఉన్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో వెతికేటప్పుడు పేర్లలో కాకుండా పుస్తకాల లోపలి పాఠంలో వెతికే ఎంపిక పెట్టుకోవాలి, లేకపోతే ఏమీ దొరకదు. అదీ పూర్తిగా నమ్మకూడదు. యంత్రం అచ్చుని చదివేటప్పుడు ఒకటిని ఐ అనో ఎల్ అనో, ఎనిమిదిని బీ అనో, సున్నాని ఓ అనో రాసుకుంటుంది. ఏసీ187 అని మొత్తం కొడితే సగం జారిపోతాయి. ఏసీకీ 187కీ మధ్య ఖాళీ ఉన్నా జారిపోతాయి. 187, 188 అని అంకెలు రెండే ఇచ్చి, రెండూ ఒకే పేజీలో ఉన్నవి చూస్తే ఎక్కువ దొరుకుతాయి. నల్ల నేల మీద తెల్లక్షరాలూ, చేత్తో గీసిన అక్షరాలూ యంత్రానికి దాదాపు కనబడవు. మన కిట్ల ప్రకటనలు ఎక్కువ అలాంటివే. వాటికి కళ్లే గతి. పేజీలు చిన్న బొమ్మలుగా, తెరకి పన్నెండు చొప్పున పెట్టుకుని చూస్తే వంద పేజీల సంచిక రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. దానికంటే ముందు చివరి పేజీల్లో ప్రకటనదారుల సూచిక ఉందేమో చూడాలి. అది ఉంటే పేజీలు తిప్పే పనే లేదు.

1975 నుంచి 1979 దాకా అరవై సంచికలు. అన్నీ తిరగెయ్యనక్కర్లేదు. ప్రకటనలు మూడు, ఆరు, పన్నెండు నెలలకి కలిపి ఇస్తే రాయితీ ఉండేది కాబట్టి ఒకసారి మొదలైన ప్రకటన వరసగా కొన్నాళ్లు కనబడుతుంది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మాత్రమే చూస్తే ఇరవైతో సరి. నాకు నాలుగో సంచికలోనే తగిలింది, పావు పేజీ, బొమ్మతో సహా. అక్కణ్ణుంచి ఒక్కో నెలా వెనక్కి నడిచాను. ముందు నెలలో అదే చిరునామాతో అంగుళం ప్రకటన, బొమ్మ లేకుండా. దాని ముందు నెలలో ఏమీ లేదు. ఒక నెల ఖాళీ చూసి ఆగిపోకూడదు, మూడు నెలలు వరసగా లేదనిపించాకే వదలాలి.

ఫోటో తీసేటప్పుడు పేజీ వెనక నల్ల కాగితం పెట్టాలి. పలచటి కాగితంలో వెనక అచ్చు పైకి కనబడడం బాగా తగ్గుతుంది. స్కానర్ అయితే బూడిద రంగులో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు). తక్కువ పెడితే బొమ్మలోని చుక్కలు కలిసి అలలు అలలుగా వస్తాయి. ఫైలు పేరులో పత్రిక, సంవత్సరం, నెల, పేజీ రాసుకోవాలి. పేజీ నంబరు కూడా పడేలా తియ్యాలి, ప్రకటన ఒక్కటే కత్తిరించి దాచుకుంటే రేపు అది ఎక్కడిదో చెప్పలేం.

ప్రకటనలో వరసగా ఉంది: బీసీ148, ఏసీ128, ఏసీ187, ఏసీ188. 12 వోల్టులు, 4 ఓముల స్పీకర్. లేని డ్రైవర్ ఏసీ128, అంటే జెర్మేనియం. అక్కడ సిలికాన్ పెట్టి ఉంటే మాడిన ఆ రెసిస్టర్ మీద 0.2 వోల్టుల చోట 0.6 పడేది, బీసీ148 కరెంటు మూడింతలయ్యేది, అవుట్‌పుట్ జత కలిసే మధ్య బిందువు వోల్టేజీ సగం నుంచి పక్కకి జరిగేది. పాత నిల్వ ఏసీ128లు నాలుగింటికి లీకేజీ (ఆపి ఉన్నా కారే కరెంటు) కొలిచి, తక్కువున్నది వేశాను. మాడిన రెసిస్టర్ చోట వేరియబుల్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి, మధ్య బిందువు 6 వోల్టులకి తెచ్చి, ఆ విలువకి దగ్గరి రెసిస్టర్ టంకం చేశాను. ప్రకటనలో వేసుకున్న 10 వాట్లు మాత్రం ఎక్కడా లేవు. 12 వోల్టులకి, 4 ఓములకి లెక్క కడితే నష్టాలేవీ తియ్యకుండానే 4.5 వాట్లు దాటవు.