నా మ్యాచ్‌కి కూడా టికెట్ పెట్టమంటావా?

"నా మ్యాచ్‌లకి కూడా టికెట్ పెట్టమంటావా అమ్మా?" అంది మా చిన్నది, సాకర్ (మన ఫుట్‌బాల్) ఆడొచ్చి, కారు వెనక సీట్లో కాళ్లకి కట్టుకున్న షిన్ గార్డులు విప్పుకుంటూ. పన్నెండేళ్లు దానికి. కోపంగా అని ఉంటే నేను అంతకంటే గట్టిగా కోప్పడి గట్టెక్కేదాన్ని. నీళ్ల సీసా మూత ఎక్కడుంది అని అడిగినట్టు అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

సంగతేమిటంటే, ఆ పొద్దున అది కొట్టిన గోల్ నేను చూడలేదు. గుడివాడలో అమ్మవాళ్లింటి కరెంటు బిల్లు ఫోన్‌లో కడుతున్నాను. చప్పట్లు వినపడి తలెత్తి, అందరికంటే గట్టిగా కొట్టాను. అప్పటికే అది నావైపు చూసేసింది. గోల్ కొట్టిన పిల్ల ముందు చూసేది అమ్మ ముఖమేనని నాకు తెలియకపోతే కదా.

ఆ టికెట్ మాట మాత్రం ఆ పూట పుట్టింది కాదు. పోయినేడాది మేం చూసిన రెండు కాలేజీ మ్యాచ్‌ల దగ్గర మొదలైంది.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని మోరిస్‌విల్‌లో. అటు చాపెల్ హిల్, ఇటు రాలీ, పైన డర్హమ్. అరగంటలో మూడు పెద్ద యూనివర్సిటీలు. ఆగస్టు చివర్నుంచి నవంబరు దాకా ఎక్కడో ఒకచోట సాకర్ మ్యాచ్ ఉంటూనే ఉంటుంది. వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్‌కో బాస్కెట్‌బాల్‌కో నలుగురం వెళ్లాలంటే నెల బడ్జెట్ తిరగరాసుకోవాలి. సాకర్‌కి ఆ బెడద లేదు. రెగ్యులర్ సీజన్‌లో చాలా కాలేజీల్లో ఊరికే రానిస్తారు, లేదంటే ఐదో పదో డాలర్లు. స్టూడెంట్లు ఐడీ చూపిస్తే చాలు. పిల్లలు ఆడుతున్నవాళ్లెవరైనా అడిగితే నేను చెప్పే సలహా ఒకటే. వేలు పోసి క్యాంపులకి పంపేముందు ఇవి చూపించండి, స్టూడెంట్లు కూర్చునే వైపు కూర్చోబెట్టండి. ఈ సలహా ఇచ్చే అర్హత నాకుందా అంటే, కాస్త ఆగండి.

ఫ్రీ అన్న మాట కనపడితే నాలోని గుడివాడ లేచి కూర్చుంటుంది. మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పదకొండు కుటుంబాలు బొటనవేలు చూపించాయి. వచ్చినవి మూడు. అందులో మాదొకటి, అదీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా. ఫ్రీయే కదా, ఎప్పుడు వెళితే ఏం? పులిహోర డబ్బా గేటు దగ్గర ఆపేస్తే వెనక్కి వెళ్లి, కార్లో కూర్చుని తినేసి మళ్లీ వచ్చాం. అవతలి చివర స్టూడెంట్లు ఓ వంద మంది ఉంటారేమో, డ్రమ్ము వాయిస్తూ ఎదుటి జట్టు గోల్‌కీపర్ని పేరుపెట్టి ఏడిపిస్తున్నారు. మా చిన్నది ఆటకంటే వాళ్లనే ఎక్కువ చూసింది. ఇంకా పన్నెండు నిమిషాలుందనగా నేను లేపేశాను. పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని.

కాలేజీ సాకర్‌లో గడియారం వెనక్కి నడుస్తుంది. నలభై ఐదు దగ్గర మొదలై సున్నాకి దిగుతుంది. ఆఖరి పది సెకన్లు మైకులో లెక్కపెడతారు, జనం గొంతు కలుపుతారు. మేం కారు వెతుక్కుంటుండగా వినపడింది: ఫైవ్, ఫోర్, త్రీ... చిన్నది నడవడం ఆపి అటు తిరిగి నిలబడింది. నేను తాళం నొక్కి, కారు కూత ఎటునుంచి వస్తోందా అని వింటున్నాను.

రెండోది అదే కాలేజీ, అదే మైదానం. కాకపోతే నవంబరులో, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంఘం) టోర్నమెంటు. అక్కడ లెక్క మారిపోతుంది. టికెట్ కొనాల్సిందే. సీజనంతా ఐడీ చూపించి నడిచొచ్చిన స్టూడెంట్లు కూడా కొనాలి, లేదా ముందొచ్చిన కొందరికి కాలేజీయే కొనిపెట్టాలి. నలుగురికీ టికెట్లు, వాటిమీద ఫీజు. మొత్తాన్ని ఎనభై చిల్లరతో హెచ్చవేసి చూసుకున్నాను. వచ్చి పదిహేడేళ్లయింది, ఈ హెచ్చవేత మాత్రం పోలేదు. పప్పు కొన్నప్పుడు చేయను, వినోదానికైతే చేస్తాను.

ఆ రోజు నా ప్రతాపం చూడాలి. యాభై నిమిషాల ముందే కూర్చోబెట్టాను. పెద్దాడు బాత్రూమ్‌కి వెళతానంటే హాఫ్‌టైమ్ దాకా బిగబట్టమన్నాను. ఫోను సంచిలో పడేశాను. రెండు గోల్స్ వెనకబడి ఇక ఆశ లేదని తెలిసి పక్కవాళ్లు లేస్తున్నా మమ్మల్ని కదలనివ్వలేదు. పది నుంచి సున్నా దాకా లెక్కపెట్టించి మరీ తీసుకొచ్చాను. స్టూడెంట్ల వైపు సగం ఖాళీ. డ్రమ్ము లేదు. అయితే వచ్చినవాళ్లెవరూ పక్కచూపులు చూడలేదు. కార్నర్ కిక్ తీసుకునే ముందు ఆ చలిలో ఒక నిశ్శబ్దం పడిందే, అది ఫ్రీ మ్యాచ్‌లో లేదు. "ఊరికే వస్తే గోల, కొనుక్కుంటే గోల్ మీద ధ్యాస" అన్నాడు మా ఆయన. ఆయన జోకులు నేను మామూలుగా ఒప్పుకోను. ఇది ఒప్పుకున్నాను.

మా చిన్నది ఈ రెండు రోజుల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసిందన్నమాట.

నా చిన్నప్పుడు మాకు నేల టికెట్ నిషేధం. నాన్నది గుమాస్తా ఉద్యోగమే అయినా సినిమాకి వెళితే కుర్చీ క్లాసు. పరువు. ముందు నేల మీద కూర్చున్నవాళ్లు హీరో రాగానే ఈలలు వేసి కాగితాలు ఎగరేస్తుంటే, వెనక కుర్చీలో నేను ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని. హాలుకి ప్రాణం పోసేది అందరికంటే తక్కువ డబ్బిచ్చినవాళ్లేనని ఎనిమిదేళ్లప్పుడే తెలుసు నాకు. తెలిసి ఏం చేశాను? నా పిల్లల్ని కుర్చీ క్లాసులోనే పెంచుతున్నాను, కాకపోతే కూపన్‌తో.

రెండేళ్ల కిందట తిరుమల వెళ్లినప్పుడు 300 రూపాయల దర్శనం తీసుకున్నాం. పిల్లలకి ఇబ్బంది కాకూడదని. లైన్లో మేమంతా గడియారాలు చూసుకుంటూ, ఎంతసేపట్లో అయిపోతుందో లెక్కలేసుకుంటూ నడిచాం. ఎక్కడో పక్కనుంచి సర్వదర్శనం వాళ్ల గోవింద నామం వినిపిస్తోంది, గోడలు అదిరేలా. వాళ్లు గంటల తరబడి కంపార్ట్‌మెంట్లలో కూర్చుని వచ్చినవాళ్లు. వాళ్లకి దర్శనం ఊరికే వచ్చిందని ఎలా అంటాం? డబ్బుకి బదులు కాలం కట్టారు. డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీ స్టూడెంట్లదీ ఇదే కథ. బాస్కెట్‌బాల్‌కి వాళ్ల దగ్గర టికెట్ డబ్బు తీసుకోరు. కానీ చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీతో ఆటంటే చలికాలంలో వారాల తరబడి స్టేడియం బయట గుడారాలు వేసుకుని పడుకుంటారు. లోపల పట్టేది తొమ్మిది వేల పైచిలుకు మందే అయినా ఆ హోరు దేశమంతా ఎరుగును. సాకర్‌కి గుడారం వేసినవాడిని నేనింతవరకు చూడలేదు. డబ్బూ అక్కర్లేదు, కాలమూ అక్కర్లేదు. అందుకే మాలాంటివాళ్లం హాఫ్‌టైమ్‌కి వస్తామేమో.

ఇంతవరకు రాసి, అయితే కాలేజీ సాకర్‌కి టికెట్ పెట్టాల్సిందే అని తేల్చేద్దామనుకున్నాను. ఓ రెండు డాలర్లు, నామకార్థం. పెద్దాడు పడనిచ్చాడా! కాలిఫోర్నియాలో యూసీ శాంటా బార్బరా అనే యూనివర్సిటీ వీడియో తెచ్చి చూపించాడు. 2010 సెప్టెంబరులో యూసీఎల్ఏతో ఆటకి వాళ్ల హార్డర్ స్టేడియంలో 15,896 మంది. కాలేజీ సాకర్‌కి! స్టూడెంట్లుండే ఐలా విస్టా ఆ మైదానానికి నడిచివెళ్లేంత దగ్గర. పైగా ఎదుటివాళ్లు ఎప్పటినుంచో పడనివాళ్లు. "ధరతో సంబంధం లేదమ్మా, నడిచిపోయే దూరం, కొట్లాడటానికి ఒక శత్రువు, అంతే" అన్నాడు వాడు. అక్కడ గోల్ పడితే జనం మైదానంలోకి టోర్టిల్లాలు విసురుతారు. చపాతీల్లాంటి రొట్టెలు గాల్లో తిరుగుతూ వెళ్లి గడ్డిమీద పడుతున్నాయి. "అన్నం అలా పారేస్తారా?" అన్నాను నేను. గొప్ప అమ్మ మాట. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

ఇంకో ఒప్పుకోలు కూడా ఉంది. 2024 డిసెంబరులో ఆడపిల్లల కాలేజ్ కప్ (ఎన్‌సీఏఏ టోర్నమెంటు చివరి దశ) ఫైనల్ జరిగింది మా ఇంటికి దగ్గర్లో ఉన్న కేరీలోనే, వేక్‌మెడ్ సాకర్ పార్కులో. నార్త్ కరోలినా, వేక్ ఫారెస్ట్ మీద 1-0తో గెలిచి 22వ ఎన్‌సీఏఏ టైటిల్ తెచ్చుకుంది. అందులో 21 టైటిళ్లు తెచ్చిన కోచ్ ఆన్సన్ డోరెన్స్ ఆ సీజన్ ముందే తప్పుకున్నాడు. మా చిన్నది గోడమీద అంటించుకున్న జట్టది. ఆట సోమవారం, మర్నాడు స్కూలు, పైగా టికెట్ ధర... ఇంట్లో టీవీలో చూపించాను. గుళ్లో పూజకైతే సోమవారం రాత్రి అడ్డురాదు.

ఆ తప్పు దిద్దుకోవడానికి తర్వాతి సోమవారం మగపిల్లల ఫైనల్‌కి తీసుకెళ్లాను. వెర్మాంట్, మార్షల్ యూనివర్సిటీల జట్లు. మా చిన్నదానికి ఈ రెండిట్లో దేనిమీదా ఆసక్తి లేదు. రెండు జట్ల రంగూ ఆకుపచ్చే, ఎవరు ఎవరివాళ్లో తెలియక నేను ఇద్దరికీ చప్పట్లు కొట్టాను. సీడింగ్ (టోర్నమెంటులో ముందువరస ర్యాంకు) కూడా లేని వెర్మాంట్ ఓవర్‌టైమ్‌లో 2-1తో గెలిచింది. వాళ్ల జనం అంత దూరం విమానాలెక్కి, టికెట్‌కి ఎన్నో రెట్లు ఖర్చుపెట్టుకుని వచ్చినవాళ్లు. నేల టికెట్ వాళ్లకంటే ఎక్కువ గోల చేశారు. మా ఆయన సిద్ధాంతం అక్కడితో సరి.

నిజానికి మా చిన్నదాని ఆటకి టికెట్ లేదని ఎవరన్నారు? క్లబ్ ఫీజు, యూనిఫాం, టోర్నమెంట్లకి వెళ్లినప్పుడు హోటళ్లు. అన్నీ కలిపితే ఒక్కో మ్యాచ్ బాల్కనీ ధర పలుకుతుంది. కానీ అది గేటు దగ్గర కట్టినది కాదు, ఆగస్టులో కార్డు మీద పోయింది, నొప్పి అప్పుడే తగ్గిపోయింది. ఇంకో మాట కూడా చెప్పేయాలి. ఆ డబ్బు కట్టేటప్పుడు నేను చూసింది ఆటనేనా? ఆడపిల్లల సాకర్ జట్టుకి 14 స్కాలర్‌షిప్‌లుంటాయని దాని ఏడో ఏటే కంఠస్థం చేశాను. 2025లో ఆ లెక్క పోయి, కొత్త ఏర్పాటుకి ఒప్పుకున్న కాలేజీల్లో జట్టుకి 28 మంది అన్న పరిమితి వచ్చింది. అదీ కంఠస్థమే. దాని గోల్ మాత్రం చూడలేదు.

కార్లో అన్న మాటకి ఇవన్నీ ఆలోచించి, శుక్రవారం రాత్రి దాని గదికి వెళ్లి, "సరే, పెట్టు టికెట్" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. స్కూలు ఇండెక్స్ కార్డు ఒకటి తీసి, దానిమీద స్కెచ్ పెన్నుతో రాసింది: ఐదు డాలర్లు, గేటు తొమ్మిదికి, నో రీఫండ్. తెలుగులో "అమ్మ" అని కూడా రాసింది. మ కింద ఒత్తు తిరగబడింది. నేను దిద్దలేదు. దిద్దకపోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

శనివారం ఎనిమిదీ యాభైకే మడత కుర్చీ వేశాను. ఫోను కార్లో. ఐదు డాలర్లు పెట్టాక ఇంక ఆగుతానా! త్రో-ఇన్‌కి అరిచాను, ఆఫ్‌సైడ్ కానిదానికి ఆఫ్‌సైడ్ అన్నాను, "పాస్, పాస్" అని తెలుగు యాసలో ఎదుటి జట్టు పిల్లకి కూడా చెప్పాను. రిఫరీ, పాపం హైస్కూల్ కుర్రాడు, రెండుసార్లు మావైపు చూశాడు. మిగతా అమ్మలు కుర్చీలు కాస్త జరుపుకున్నారు. మావాళ్లు ఓడిపోయారు.

కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "అమ్మా, వచ్చేవారం ఫ్రీగానే రా" అంది.

ఐదు డాలర్లు మాత్రం తిరిగివ్వలేదు.