తల్లిదండ్రుల పెళ్లి రుజువైతేనే లార్డు: సిన్హా బిరుదు వెంట నా అన్వేషణ

ప్రభువుల సభలో (హౌస్ ఆఫ్ లార్డ్స్, అక్కడి పార్లమెంటు ఎగువ సభ) కూర్చునే హక్కుతో బ్రిటన్ ఒక భారతీయుడికి ఇచ్చిన వంశపారంపర్య బిరుదు ఒక్కటే. 1919లో కలకత్తా న్యాయవాది సత్యేంద్ర ప్రసన్న సిన్హాకు ఇచ్చిన ‘రాయ్‌పూర్ బ్యారన్ సిన్హా’ అది, బ్యారన్ అంటే లార్డుల్లో ఒక హోదా. లండన్‌లో ఎల్‌ఎల్‌ఎం చదివే రోజుల్లో దాని మీద సెమినార్ వ్యాసానికి పూనుకున్నాను. సత్యేంద్ర 1928లో కన్నుమూశారు. పెద్ద కొడుకు అరుణ్ కుమార్‌కు సభ్యుడిగా రమ్మని సభ పిలుపు అందింది 1939లో. నడుమ పదకొండేళ్లు ఏం జరిగిందో తేల్చుకోవాలన్నదే నా పట్టుదల.

ముందు పేర్లతోనే పెద్ద పేచీ. తండ్రి పేరు ఒకచోట ప్రసన్న, మరోచోట ప్రసన్నో, కొడుకు పేరు ఒకచోట అరుణ్, ఇంకోచోట అరూన్. ఒక్క రూపంతో వెతికితే సగం కాగితాలు కంటపడవు. అన్ని రూపాలూ నోటు పుస్తకంలో రాసుకుని ఒక్కొక్కటిగా వెతికాను. ఇక రాయ్‌పూర్ అనగానే మనవాళ్లకు ఛత్తీస్‌గఢ్ గుర్తుకొస్తుంది. ఇది బెంగాల్‌లో, బీర్భూం జిల్లా బోల్పూర్ దగ్గరి పల్లె. అక్కడి సిన్హా జమీందార్ల నుంచే 1863లో బ్రహ్మసమాజ నాయకుడు, రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ 20 బిఘాల నేల తీసుకున్నారు, శాంతినికేతన్ వెలిసింది అక్కడే. సత్యేంద్ర పుట్టింది ఆ కుటుంబంలోనే. బ్రహ్మసమాజానికీ ఈ ఊరికీ ఉన్న దగ్గరితనం కథలో తర్వాత పనికొచ్చింది.

ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్, పార్లమెంటు చర్చల సంపుటాలు ఇంటి నుంచే చదవొచ్చు, పైసా ఖర్చు లేదు. సిన్హా చేసిన ఉద్యోగాల తేదీలు సరిచూసుకోవడానికి మాత్రం బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాను. గుర్తింపు కార్డు, చిరునామా రుజువు చూపిస్తే రీడర్ పాస్ ఉచితంగా ఇస్తారు. కోటు, సంచి లాకర్‌లో పెట్టి, పారదర్శకంగా ఉండే సంచిలో పెన్సిలు, నోటు పుస్తకం వేసుకుని ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల గదికి వెళ్లాలి. పెన్ను లోపలికి తీసుకెళ్లనివ్వరు. లండన్ నుంచి భారత వ్యవహారాలు చూసిన ఇండియా ఆఫీస్ ఏటేటా అచ్చయిన జాబితాలను స్పాంజి దిమ్మల మీద తెరిచి, పుట మూసుకుపోకుండా గుడ్డ చుట్టిన సన్నని బరువుల తాడు పరిచి చదివాను. సిన్హా 1909లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో న్యాయ సభ్యుడు, ఆ పదవి చేపట్టిన తొలి భారతీయుడు. 1915 బొంబాయి కాంగ్రెస్ అధ్యక్షుడు. అప్పటి ప్రధాన కార్యదర్శుల్లో మన రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు.

బిరుదు ఎందుకిచ్చారన్నది చర్చలు చదివాకే తెలిసింది. 1919లో సిన్హాను భారత వ్యవహారాల ఉపమంత్రిని చేశారు. మంత్రికి పార్లమెంటులో చోటు కావాలి. జీవితకాలానికే పరిమితమైన లార్డు పదవులు విరివిగా ఇచ్చే చట్టం వచ్చింది 1958లో గనుక, ఆ రోజుల్లో ప్రభువుల సభలో కూర్చోబెట్టాలంటే తరతరాల బిరుదు ఇవ్వక తప్పదు. అలా ఒక ప్రభుత్వ అవసరం ఒక ఇంటి వారసత్వమైంది. 1919 డిసెంబర్‌లో భారత ప్రభుత్వ బిల్లును ఆ సభలో నడిపింది ఆయనే. మద్రాసులో పానగల్లు రాజా ప్రభుత్వాధినేత అయింది ఆ చట్టం కిందే.

చిక్కంతా బిరుదు షరతులో ఉంది. చట్టబద్ధంగా పుట్టిన మగ సంతానానికే అది దక్కుతుంది. సత్యేంద్ర, గోవింద మోహినిల పెళ్లి 1880లో హిందూ సంప్రదాయం ప్రకారం జరిగింది. అప్పటి హిందూ ధర్మశాస్త్రం మగవాడికి ఇంకో పెళ్లిని అడ్డుకోదు. 1866 నాటి హైడ్ కేసు తీర్పులో వివాహమంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ, మూడో మనిషికి తావులేని జీవితకాల బంధమని ఇంగ్లండు కోర్టు నిర్వచించింది. సిన్హా ఏకపత్నీవ్రతుడే. అయినా మరో పెళ్లి చేసుకునే వీలుండేది కదా అన్నదే అభ్యంతరం! చేయని పనికి, చేసే వీలు మాత్రమే ఉన్న పనికి కొడుకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఇది చదివినప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చింది. రిజిస్టరు కాని పెళ్లిని దశాబ్దాల తర్వాత రుజువు చేయడం ఎంత కష్టమో మా అమ్మ వీసా కాగితాలు సిద్ధం చేసినప్పుడు నేను చూశాను. శుభలేఖ, ఫొటోలు, పెద్దల అఫిడవిట్లు ఎన్ని జతపరిచినా ఇంకేదో అడిగేవారు.

అరుణ్ కుమార్ వాదన ప్రభువుల సభ హక్కుల కమిటీ ముందుకు వచ్చింది. అప్పటి లార్డ్ ఛాన్సలర్ (ఇంగ్లండు న్యాయవ్యవస్థ అధిపతి) మామ్ అభిప్రాయాన్ని లా లైబ్రరీలో పెన్సిలుతో పేరా పేరా ఎత్తిరాసుకున్నాను. దంపతులు 1886లో సాధారణ బ్రహ్మసమాజంలో చేరారు. వీరేశలింగం గారి వల్ల మనకూ తెలిసిన ఆ సమాజం బహుభార్యత్వాన్ని ఒప్పుకోదు. అరుణ్ పుట్టింది 1887లో. అంటే బిడ్డ పుట్టేనాటికి ఆ వివాహం ఏకపత్నీ వివాహమైపోయింది, కాబట్టి వారసత్వం చెల్లుతుందన్నారు. హిందూ వివాహాన్ని, ఆ సంతానాన్ని ఇంగ్లండు కోర్టులు గుర్తిస్తాయని కూడా మామ్ చెప్పారు. అయితే అన్ని రకాల వారసత్వాలకూ అది వర్తిస్తుందని తేల్చిచెప్పలేదు. కొడుకు రెండేళ్లు ముందు పుట్టి ఉంటే? నా వ్యాసంలో సగం ఈ ప్రశ్న మీదే నడిచింది. దారి తెరిచిన తీర్పే అయినా, హిందూ పెళ్లిని హిందూ పెళ్లిగానే నిలబెట్టే ధైర్యం అందులో చాలలేదని రాశాను, ఇప్పటికీ అదే అంటాను.

అరుణ్ కుమార్ 1967లో మరణించారు. బిరుదు ఆ తర్వాతి తరాలకు వెళ్లింది. 1999లో వంశపారంపర్య సభ్యుల్లో 92 మందిని మినహాయించి మిగతావారి సభ్యత్వం రద్దయింది. 2004 నుంచి లార్డుల అధికారిక పట్టిక ఒకటి నడుస్తోంది. వారసుడు తన హక్కును కాగితాలతో రుజువు చేసుకుంటేనే అందులో పేరు చేరుతుంది.

ఈ తీర్పు ప్రధాన న్యాయ నివేదికల్లో అచ్చయింది 1946లో. అదే ఏడాది బైండైల్ కేసులో అప్పీలు కోర్టు దీన్ని వాడుకుంది. భారతదేశంలో హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకున్న వ్యక్తి 1939లో లండన్ రిజిస్ట్రార్ దగ్గర ఇంగ్లిషు మహిళను పెళ్లాడాడు. మొదటి పెళ్లి నిజమైన పెళ్లే కాబట్టి రెండోది చెల్లదని కోర్టు తేల్చింది. ఈ విషయం వెతకదలచినవారు బిరుదు నుంచి కాకుండా ఈ రెండు తీర్పుల నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవాలని నా సలహా. పాత కాగితాల్లో ఏది ముఖ్యమో అప్పుడే తెలుస్తుంది.