ప్రత్యక్ష ప్రసారానికి బిట్‌రేట్ కుదుర్చుకున్న తీరు

ప్రత్యక్ష ప్రసారం ప్రారంభించదలచిన వారు సాధారణంగా రిజల్యూషన్ 1080పీ పెట్టాలా, 720పీ చాలా అన్న దగ్గరే ఆలోచన మొదలుపెడతారు. నేను మాత్రం ఆ సంగతిని చివరికి ఉంచి, నా ఇంటర్నెట్ కనెక్షన్ ఎంత డేటాను నిలకడగా అప్‌లోడ్ చేయగలదో ముందు తేల్చుకున్నాను. స్పీడ్ టెస్ట్ కొద్ది సెకన్లలో సాధ్యమైన వేగాన్ని మాత్రమే చూపుతుంది కనుక, ప్రసారం చేసే వేళల్లోనే పలుమార్లు పరీక్షించి, వచ్చిన ఫలితాల్లో అన్నిటికంటే తక్కువదాన్ని ప్రాతిపదికగా తీసుకున్నాను. అది దాదాపు 6 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 4500 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), వీడియోకు కేటాయించి, మిగిలినదాన్ని ఆడియోకూ ఒడిదుడుకులకూ వదిలేశాను.

ఆ 4500తో ఏ రిజల్యూషన్ పెట్టుకోవచ్చన్నది లెక్క వేస్తే గానీ బోధపడలేదు. 1080పీలో సెకనుకు 60 ఫ్రేమ్‌లు పంపితే, వీడియోను కుదించే ఎన్‌కోడర్ సెకనుకు సుమారు 12.44 కోట్ల పిక్సెళ్లను సర్దాలి. 720పీలో అవే 60 ఫ్రేమ్‌లకు 5.53 కోట్లు చాలు. అంటే అదే బిట్‌రేట్‌తో (సెకనుకు పంపే బిట్ల సంఖ్యతో) 720పీలో ఒక్కో పిక్సెల్‌కు రెండింతలకు మించి బిట్లు దక్కుతాయి. హెచ్.264 అనే కుదింపు పద్ధతిని వాడే ఎన్‌కోడర్ ఒక ఫ్రేమ్‌కూ మరో ఫ్రేమ్‌కూ మధ్య మారిన భాగాన్ని పంపడం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి, తెర మొత్తం కదిలిపోయే దృశ్యాల్లో బిట్లు చాలక బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. నేను ప్రసారం చేసే వేగమైన ఆటల్లో ఇది కొట్టొచ్చినట్టు కనబడింది. అందుకని వాటికి 720పీ, 60 ఫ్రేమ్‌లు, 4500 కేబీపీఎస్ ఖాయం చేశాను. ప్రత్యక్ష ప్రసార వేదిక ట్విచ్ 1080పీ 60 ఫ్రేమ్‌లకు 6000 కేబీపీఎస్ సూచిస్తుంది. నా కనీస వేగం మొత్తం వీడియోకే పోతుంది కనుక దాని జోలికి వెళ్లలేదు.

ప్రోగ్రామింగ్ పాఠాల తీరు వేరు. అక్కడ తెర చాలాసేపు కదలదు, కానీ చిన్న అక్షరాలు స్పష్టంగా ఉండాలి. 720పీకి కుదిస్తే అక్షరాల అంచులు పలచబడిపోతాయి. వాటికి 1080పీ ఉంచి ఫ్రేమ్‌లను 30కి తగ్గిస్తే 3500 కేబీపీఎస్ హాయిగా సరిపోయింది. "పెద్ద రిజల్యూషన్‌కు పెద్ద బిట్‌రేట్" అనే సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుంటే ఈ సర్దుబాటు తట్టదు.

మిగతా సెట్టింగులకు పెద్దగా సమయం పట్టలేదు. రేట్ కంట్రోల్‌కు సీబీఆర్ (బిట్‌రేట్‌ను స్థిరంగా ఉంచేది), కీఫ్రేమ్ ఇంటర్వల్ (పూర్తి ఫ్రేమ్ పంపే వ్యవధి) 2 సెకన్లు, ఆడియో 128 కేబీపీఎస్ పెట్టాను. రికార్డింగ్‌కైతే వీబీఆర్ (అవసరాన్ని బట్టి బిట్‌రేట్‌ను మార్చేది) మేలే గానీ, ప్రసారంలో అది ఉన్నట్టుండి పైకి లేస్తే ఇరుకు కనెక్షన్ తట్టుకోలేదు.

తరువాత యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ ప్రసారం పెట్టి, ప్రసార సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియోలోని స్టాట్స్ ప్యానెల్‌ను గమనిస్తూ కూర్చున్నాను. అందులో నెట్‌వర్క్ కారణంగా పోయిన ఫ్రేమ్‌లను, ఎన్‌కోడింగ్ ఆలస్యంతో తప్పిపోయిన ఫ్రేమ్‌లను విడివిడిగా చూపుతారు. మొదటి అంకె పెరుగుతుంటే బిట్‌రేట్ తగ్గించాలి, లేదా వైఫై మాని కేబుల్ వాడాలి. రెండోది పెరుగుతుంటే బిట్‌రేట్‌ను ఎంత మార్చినా దాదాపు ప్రయోజనం ఉండదు. ప్రాసెసర్ భారం తగ్గేలా ప్రాసెసర్‌పై నడిచే ఎక్స్264 ఎన్‌కోడర్ ప్రీసెట్‌ను వేగవంతం చేయాలి, లేదా గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్‌కు మారాలి. నాకు తప్పిపోతున్నవి రెండో రకానివే కనుక ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల ఎన్‌కోడరైన ఎన్‌వెంక్‌కు మారాను. అంకె కదలడం ఆగింది.

ఆటలకొకటి, పాఠాలకొకటి చొప్పున ఓబీఎస్‌లో రెండు ప్రొఫైళ్లు భద్రపరిచాను. నెట్‌వర్క్ ఇరుకైనప్పుడు ఫ్రేమ్‌లను వదిలేసే బదులు బిట్‌రేట్‌ను దానంతటదే తగ్గించే ఆప్షన్ ఒకటి అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఉంది. ఆటల్లో కదలిక ఆగకపోవడం ముఖ్యం గనుక ఆ ప్రొఫైల్‌లో దాన్ని ఆన్ చేశాను. పాఠాల్లో బొమ్మ క్షణకాలం నిలిచిపోయినా నష్టం లేదు గానీ అక్షరాలు మసకబారకూడదు కాబట్టి అక్కడ ఆపే ఉంచాను.