ఫ్రీజా, కట్టా? నా మొదటి ఓటుకి ముందు పడ్డ తలనొప్పి

2019లో నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. వచ్చిన వారంలోనే ఓటరుగా రిజిస్టర్ చేసుకున్నా, ఇరవై ఏళ్ళు ట్యాక్సులు కట్టి ఓటు లేకుండా కూర్చున్నోడి ఆత్రం అది. మేముండేది ఇల్లినాయిస్‌లో, చికాగో పక్కన నేపర్‌విల్. మా ప్రైమరీ, అంటే ప్రెసిడెంటు పోటీకి పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, 2020 మార్చి 17న. ఇంకా బోలెడు టైముంది కదా అనుకుంటుంటే జనవరిలో మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు ఒక వీడియో ముక్క పడేశాడు. అందులో జో బైడెన్, రిపబ్లికన్ స్పీకర్‌గా చేసిన పాల్ రయన్ పేరెత్తి ఆయన కరెక్టే అన్నట్టు ఏదో అంటూ సోషల్ సెక్యూరిటీ (రిటైరయ్యాక గవర్నమెంటు ఇచ్చే పెన్షన్), మెడికేర్ (పెద్దవాళ్ళ ఆరోగ్య బీమా) గురించి మాట్లాడుతున్నాడు. కింద మావాడి కామెంటు "చూశారా, మీ పెన్షన్ కోస్తాడు ఈయన".

అప్పటిదాకా నేను బైడెన్‌కే వేద్దామనుకుంటున్నా, మా ఆవిడ ఏమో డెమోక్రాట్లలోనే ఆయనకి పోటీగా నిలబడ్డ బెర్నీ శాండర్స్ వైపు. ఆ రాత్రి అన్నం దగ్గర ఆ వీడియో మీదే గొడవ. "నువ్వేమో పెన్షన్ పెన్షన్ అని గుండెలు బాదుకుంటావ్, ఓటేమో ఆయనకా" అంది. నా దగ్గర జవాబు లేదు. సరే, అసలు సంగతేంటో నేనే తవ్వుతా అని కూర్చున్నా, రెండు రోజుల పని అనుకున్నది రెండు నెలలు పట్టింది.

నాకెందుకంత పట్టుదలంటే, నా పే స్టబ్‌లో మొదటి నెల నుంచీ ఓఏఎస్‌డీఐ అని ఒక లైనుండేది. 1999లో హెచ్‌1బీ మీద వచ్చిన కొత్తలో అదేంటో కూడా తెలీదు, 6.2 శాతం కోసేవాళ్ళు, కంపెనీ ఇంకో 6.2 వేసేది. ఈ డబ్బుతో నాకేంటి సంబంధం అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది అదే సోషల్ సెక్యూరిటీ అని, నలభై క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని, ఉంటేనే మనకి రిటైర్మెంట్ బెనిఫిట్ అని. మా బ్యాచ్‌లోనే ఒకడు తొమ్మిదేళ్ళు చేసి ముప్ఫై ఆరు క్రెడిట్లతో వెనక్కి వెళ్ళిపోయాడు, ఇండియాకీ అమెరికాకీ మధ్య ఈ విషయంలో ఒప్పందమే లేదు కాబట్టి కట్టిందంతా గోవిందా. వాణ్ణి చూశాక ఈ సోషల్ సెక్యూరిటీ అంటే నాకు కాస్త పిచ్చి పట్టింది, ఏడాదికోసారి స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి మరీ చూసుకుంటా.

ముందు ఆ వీడియో సంగతి. అది 2018 ఏప్రిల్‌లో బ్రూకింగ్స్ ఇన్‌స్టిట్యూషన్ అనే పరిశోధన సంస్థలో ఇచ్చిన స్పీచ్. మొత్తం పెట్టుకుని విన్నా. అసలు విషయం ఏంటంటే ఆయన పాల్ రయన్‌ని వెక్కిరిస్తున్నాడు, ధనవంతులకి ట్యాక్సులు తగ్గించి ఖజానా ఖాళీ చేసి ఆ వెంటనే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మీద పడ్డారు అని. ముందూ వెనకా కోసేస్తే మెచ్చుకున్నట్టు వినిపిస్తుంది. ఫ్యాక్ట్ చెక్ చేసే పొలిటిఫ్యాక్ట్ వాళ్ళు కూడా, రయన్ కోతల్ని బైడెన్ మెచ్చుకున్నాడని శాండర్స్ క్యాంపెయిన్ చెప్పింది తప్పు అన్నారు. బైడెన్ ఏమో వీడియోని డాక్టరింగ్ చేశారు అన్నాడు, అది కూడా కరెక్టు కాదు, మార్ఫింగ్ ఏం లేదు అందులో, కత్తిరింపే. ఒకటి మాత్రం ఉంది, అదే స్పీచ్‌లో ఆయన సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ ఉండొచ్చు కానీ అడ్జస్ట్‌మెంట్లు అవసరం అని కూడా అన్నాడు. ఈ అడ్జస్ట్‌మెంట్లు అనే మాట వింటే నాకు కంపెనీలో హెచ్‌ఆర్ మెయిలు గుర్తొస్తుంది, అందులో ఏ అడ్జస్ట్‌మెంటూ మన జీతం పెరిగే వైపు ఉండదు.

గ్రూపులో "ఒరేయ్ ఇది సగం కోసిన వీడియో రా" అని గర్వంగా పెట్టా. వాడు ఊరుకుంటాడా, పావుగంటలో "సరే మరి 1995ది చూడు" అన్నాడు.

అక్కడ దొరికిపోయా నేను. 1995 జనవరిలో సెనేట్‌లో బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ సవరణ, అంటే ఖర్చు ఆదాయాన్ని దాటకూడదనే రాజ్యాంగ సవరణ, మీద చర్చ. వీడియో ఉంది, ఎవరూ ఏమీ కత్తిరించలేదు. నాకు నమ్మకం కుదరక సభలో మాట్లాడిందంతా అచ్చేసే కాంగ్రెషనల్ రికార్డులో ఆ రోజు పేజీలు కూడా తీశా, పేజీకి మూడు కాలమ్స్, చీమల బారులాంటి అక్షరాలు, ఫోన్లో కాదని ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి వేలు పెట్టి చదువుకుంటూ వెళ్ళా. అందులో ఆయనే చెప్పుకున్నాడు, ఫెడరల్ ఖర్చు ఫ్రీజ్ చెయ్యాలన్నప్పుడు సోషల్ సెక్యూరిటీ కూడా కలిపే అన్నాను, మెడికేర్, మెడికెయిడ్ (పేదల ఆరోగ్య బీమా) కూడా, మాజీ సైనికుల బెనిఫిట్లు కూడా, గవర్నమెంటులో ఉన్న ప్రతి ఒక్కటీ అని. అక్కడితో ఆగలా, ఒకసారి కాదు రెండుసార్లు, మూడోసారి, నాలుగోసారి కూడా ప్రయత్నించా అన్నాడు. తప్పు చేశానని ఒప్పుకుంటున్న గొంతు కాదది, గొప్పగా చెప్పుకుంటున్న గొంతు.

ఆయన చెప్తున్న ఆ ఫ్రీజ్ ఎక్కడిదా అని వెతికితే 1984 దగ్గర తేలింది. రీగన్ టైము, లోటు బడ్జెట్లు ఆకాశంలో ఉన్నాయి. రిపబ్లికన్లు చక్ గ్రాస్లీ, నాన్సీ కాసెబామ్‌తో కలిసి డెమోక్రాట్ బైడెన్ ఒక ప్లాన్ పెట్టాడు, ఒక ఏడాదిపాటు మొత్తం ఖర్చు ఎక్కడిదక్కడ ఆపెయ్యాలని, డిఫెన్స్‌తో సహా. పాసవ్వలేదు అది. న్యాయంగా చెప్పాలంటే ముసలాళ్ళని ఒక్కళ్ళనే పట్టుకుని కొట్టిన ప్లాన్ కాదది, కానీ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. తర్వాత 2007లో ప్రెసిడెంటుకి పోటీ చేస్తున్నప్పుడు టీవీ ఇంటర్వ్యూలో, రిటైర్మెంట్ వయసు, కోలా ఇవన్నీ చర్చకి పెడతారా అంటే తప్పకుండా అన్నాడు. అంటే ఏదో ఒకసారి నోరు జారడం కాదు.

కోలా అంటే తాగేది కాదు, మన డీఏ లాంటిది, ధరలు పెరిగినదాన్ని బట్టి ఏటా సోషల్ సెక్యూరిటీ చెక్కుకి కలిపే పెంపు. 1975 నుంచి ఆటోమేటిక్‌గా వస్తోంది. ఇప్పుడు అసలు గొడవంతా ఇక్కడే. బైడెన్ వైపు వాళ్ళు ఫ్రీజ్ అంటే కట్ కాదు కదా, వచ్చే చెక్కు తగ్గదు కదా అంటారు. శాండర్స్ వైపు వాళ్ళు అది కట్టే అంటారు. వారం రోజులు ఇద్దరి మాటా సబబుగానే ఉన్నట్టు అనిపించి బుర్ర వేడెక్కింది, ఇక లాభం లేదని ఎక్సెల్ తెరిచా.

నెలకి 1,500 డాలర్లు వచ్చే మనిషిని తీసుకున్నా. 1984 చివర్లో నిజంగా ఇచ్చిన కోలా 3.5 శాతం, అంటే 1,552.50 అవ్వాలి. ఫ్రీజ్ అయితే 1,500 దగ్గరే ఉంటుంది, నెలకి యాభై రెండున్నర తేడా. ఒక్క ఏడాదే కదా అనుకున్నా. తర్వాతి ఏడాది కోలా 3.1. పెంచిన కాలమ్‌లో 1,600.63, ఆపిన కాలమ్‌లో 1,546.50. తేడా 54.13 అయింది. ఫ్రీజ్ తీసేశాక కూడా తేడా పోలేదు, పైగా పెరిగింది, ఎందుకంటే ఆపేసిన మెట్టు మళ్ళీ ఎవరూ కట్టరు, పైనున్న మెట్లన్నీ ఆ లోతు నుంచే లేస్తాయి. ఇరవై ఏళ్ళ దాకా కిందికి లాగి చూశా, ఆ మనిషి ఉన్నన్నాళ్ళూ రావాల్సిన దాంట్లో మూడు శాతం పైచిలుకు తక్కువే వస్తుంది. చెక్కు మీద అంకె తగ్గదు నిజమే, చెక్కు తగ్గుతుంది.

మా పక్కింటి పెద్దాయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు, ట్రక్కు నడిపి రిటైరయ్యాడు. మంచు తీస్తున్నప్పుడు ఈ లెక్క ఆయనకి చెప్పా. ఆయన పార నిలబెట్టి దాని మీద గడ్డం ఆనించి మొత్తం విని, "మరి గ్యాస్ కంపెనీవాళ్ళకి కూడా చెప్పారా ఆ ఏడాది ఫ్రీజ్ అని" అన్నాడు. అంతే, మళ్ళీ మంచు తియ్యడం మొదలెట్టాడు.

ఈ తవ్వకంలో ఇంకోటి బయటపడింది, అదే నన్ను ఎక్కువ మండించింది. 1983లో, సోషల్ సెక్యూరిటీని గట్టెక్కించే దారి చూడమని వేసిన గ్రీన్‌స్పాన్ కమిషన్ తర్వాత పెద్ద చట్టం వచ్చింది, రెండు పార్టీలూ చేతులు కలిపి చేసిందే. పూర్తి బెనిఫిట్ వచ్చే వయసు 65 నుంచి మెల్లమెల్లగా 67కి జరిపారు, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళందరికీ 67. నేను 1974. అరవై రెండుకే తీసుకుంటే ముందు 20 శాతం కోత ఉండేది, మాకు 30 శాతం. ఆ చట్టం మీద రీగన్ సంతకం పెట్టినప్పుడు నేను ఇండియాలో పలక పట్టుకుని బడికెళ్తున్నా. దాన్ని ఎవరూ కట్ అనరు, సోషల్ సెక్యూరిటీని కాపాడాం అంటారు. కాపాడారేమో, కాదనను, అప్పుడు ఫండు నిజంగానే అడుగంటే పరిస్థితి. కానీ ఆ కాపాడటానికి కట్టింది మా తరం అని ఎవడూ చెప్పడు.

ఫండు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, ఆ ఫండు చూసే ట్రస్టీల 2019 రిపోర్టు ప్రకారం ఏమీ చెయ్యకపోతే 2035 ప్రాంతంలో నిల్వలు అయిపోతాయి, అప్పుడు వచ్చే ట్యాక్సులతో 80 శాతం బెనిఫిట్లే ఇవ్వగలరు. సున్నా అవుద్దని మన గ్రూపుల్లో తిరిగేది అబద్ధం, కానీ ఐదో వంతు పోవడం చిన్న విషయం కాదు. శాండర్స్ ప్లాను రెండున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద కూడా ఈ ట్యాక్స్ వెయ్యాలని, 2020లో అయితే 1,37,700 డాలర్ల దాకానే పడేది, పైన ఎంత సంపాదించినా లేదు. బైడెన్ ప్లాను తీసి చదివితే ఆశ్చర్యమేసింది, అందులో కోత మాటే లేదు, ఎక్కువ జీతాలవాళ్ళ మీద ట్యాక్స్ పెంచుతా, ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాళ్ళకి పేదరిక రేఖకి 125 శాతం తగ్గకుండా ఇస్తా అని ఉంది. అటు ట్రంప్ జనవరిలో దావోస్‌లో ఎంటైటిల్‌మెంట్ల, అంటే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ లాంటి వాటి, కోత గురించి అడిగితే ఏదో ఒక రోజు చూస్తాం అన్నట్టు అనేసి తర్వాత సర్దుకోవాల్సి వచ్చింది. అంటే ఎవరికీ కోత అనే మాట పైకి అనే ధైర్యం లేకుండా పోయింది.

మార్చి 15 ఆదివారం, ఓటుకి రెండు రోజుల ముందు, బైడెన్, శాండర్స్‌ల డిబేట్. ఫీనిక్స్‌లో అవ్వాల్సింది కరోనా వల్ల వాషింగ్టన్ స్టూడియోకి మార్చారు, జనం లేరు, షేక్‌హ్యాండ్ లేదు, మోచేతులు తాకించుకున్నారు. మేమిద్దరం సోఫాకి చెరో చివర. శాండర్స్ సూటిగా అడిగాడు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, మాజీ సైనికుల ప్రోగ్రాములు తగ్గించాలని సెనేట్‌లో నిలబడి మాట్లాడావా లేదా అని. బైడెన్ "నో" అన్నాడు. నేను లేచి నిలబడ్డా. ఆ మూడు కాలమ్స్ పేజీ నా ల్యాప్‌టాప్‌లో ఇంకా తెరిచే ఉంది! శాండర్స్ జనానికి చెప్తున్నాడు యూట్యూబ్‌కి వెళ్ళి చూసుకోండి అని. మా ఆవిడ నా మొహం చూసి ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

అవును అన్నాను, అప్పటి లోటు చూసి అన్నాను, ఇప్పుడు మనసు మారింది అని ఉంటే సరిపోయేది కదా. 36 ఏళ్ళ కిందటి ప్లాన్ కన్నా ఆ ఒక్క "నో" నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మంగళవారం పోలింగ్ దగ్గర జనం పల్చగా ఉన్నారు, టేబుల్ మీద శానిటైజర్ బుడ్డి, గ్లౌజులేసుకున్న పెద్దావిడ ఏ పార్టీ బ్యాలెట్ కావాలి అని అడిగింది, ఇల్లినాయిస్‌లో అక్కడికక్కడే చెప్పాలి. మొదటి ఓటు కదా, చెయ్యి కొంచెం వణికింది, కరోనా భయం కూడా కావచ్చు. బైడెన్‌కే వేశా. నా లెక్క ఏంటంటే, ఇన్ని వీడియోలూ ఇంత గొడవా అయ్యాక ఆయన ఇక మళ్ళీ ఆ ఫ్రీజ్ మాట ఎత్తలేడు, మెడకి గంట కట్టేశారు. ఆ గంట కట్టింది మాత్రం శాండర్స్ వాళ్ళే, అది మా ఆవిడకి చెప్పా. "అయితే నా ఓటుతో నీ ఓటుకి కాపలా అన్నమాట" అంది.

ఏప్రిల్ చివర్లో నాన్న ఫోన్ చేశారు. రైల్వేలో రిటైరయ్యారు, సెంట్రల్ పెన్షన్. మార్చిలో కేబినెట్ డీఏ 17 నుంచి 21కి పెంచుతామంది, ఆయన ఆ నాలుగు శాతానికి అప్పుడే ఖర్చు కూడా రాసుకున్నారు. ఇప్పుడేమో కరోనా అని 2021 జూన్ దాకా పెంపు ఆపేశారు, ఆ మధ్య కాలానికి బకాయిలు కూడా ఉండవట.

"తగ్గించలేదులే రా, పెంచడం ఆపారంతే" అన్నారు.

నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ పాత ఎక్సెల్ తెరిచా. 3.5 ఉన్న గడిలో 4 కొట్టి, "నాన్నా, మీ బేసిక్ పెన్షన్ ఎంత చెప్పండి" అన్నా.