తెడ్డు బల్ల నుంచి నౌకాధిపతి దాకా: ఇస్తాంబుల్‌లో ఉలుచ్ అలీ జాడలు

ఒట్టోమన్ ఓడల మీద ఆసక్తితో ఇస్తాంబుల్ వచ్చేవాళ్లు చాలామంది బెషిక్తాష్‌లో ఒట్టోమన్ నౌకాధిపతి బార్బరోసా సమాధి చూసి సరిపెట్టుకుంటారు. నేను దాని పక్కనే ఉన్న నౌకాదళ మ్యూజియంలోనే ఎక్కువసేపు గడిపాను. సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

అక్కడి పాత గాలీ (తెడ్లతో నడిచే యుద్ధకాలపు తరహా పొడవాటి ఓడ) పొడవు దాదాపు 40 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు కూడా లేదు. 24 జతల తెడ్లు, తెడ్డుకు ముగ్గురు, మొత్తం 144 మంది. ఇది సుల్తాన్ల విహారనౌక కాబట్టి వెనకవైపు గదికి ముత్యపుచిప్పల నగిషీ ఉంది. యుద్ధ గాలీలో ఆ సోకులుండవు. అంతమందికి సరిపడా మంచినీళ్లు ఆ ఇరుకులో పట్టవు, అందుకే తరచూ తీరానికి రావాల్సిందే. ఉత్తర ఆఫ్రికాలోని అల్జీర్స్, ట్రిపోలీ రేవుల కోసం అంత కొట్లాట ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఉలుచ్ అలీ ఇటలీలోని కలాబ్రియావాడు. 1536లో సముద్రపు దొంగలకు చిక్కి, ఇలాంటి బల్లల మీదే ఏళ్ల తరబడి తెడ్డు వేశాడు. మతం మారాక తానే దోపిడీ నావకు నాయకుడై, 1568లో అల్జీర్స్ పాలకుడయ్యాడు. 1571 అక్టోబర్ 7న క్రైస్తవ కూటమితో జరిగిన లెపాంతో సముద్ర యుద్ధంలో ఒట్టోమన్ ఎడమ పక్షం అతనిదే. ఎదుటనున్న కూటమి సేనాని దోరియాను దక్షిణానికి లాగి, మధ్యలో ఖాళీ పడగానే అందులోంచి దూరి మాల్టా వీరుల (క్రైస్తవ యోధుల సంఘం) ప్రధాన నౌకను పట్టాడు. శత్రువుల అదనపు దళం వచ్చిపడటంతో ఆ ఓడను వదిలేసి, దాని జెండాతో తప్పించుకున్నాడు. ఓటమిలోనూ పదవి దక్కింది అతనికే: కపుదాన్ పాషా, అంటే నౌకాదళాధిపతి అయ్యాడు, పేరులో ఉలుచ్ పోయి 'కిలిచ్' వచ్చింది, అంటే కత్తి. మరుసటి ఏడాదికి కొత్త నౌకాదళం లేచింది గానీ కలప పచ్చిది, అనుభవమున్న నావికులు తక్కువ. 1572లో అతను నేరుగా యుద్ధానికి దిగకుండా జారుకోవడం పిరికితనం కాదు, లెక్క. 1574లో ట్యూనిస్ తిరిగి గెలిచాడు.

కబతాష్ దాకా నడిచి, టీ1 ట్రామ్‌లో రెండో స్టాపు తోపానేలో దిగితే ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టిన అతని మసీదు. ఇదే నగరంలోని ప్రఖ్యాత కట్టడం అయా సోఫియాకు చిన్న నకలు. 1587లో చనిపోయిన పాషా సమాధి ఆ ఆవరణలోనే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లొద్దు, నమాజు రద్దీ. పక్కనున్న హమామ్ (వేడినీళ్ల స్నానశాల) పగలు ఆడవాళ్లకు, సాయంత్రం మగవాళ్లకు. ముందే బుక్ చేసుకోవాలి.